రెండో అంతస్తులో చివరి చూపులు

మహమ్మారి ఆ ఆసుపత్రి రెండో అంతస్తు దాకా ఎక్కలేదు. దాని గురించిన ఆర్డరు మాత్రం మెట్లన్నీ ఎక్కి వచ్చి, వార్డు తలుపు మీద నాలుగు మూలలా టేపుతో అతుక్కుని కూర్చుంది.

రెండో అంతస్తు ఎముకలు విరిగినవాళ్ళది, కాలో చెయ్యో పడిపోయినవాళ్ళది. అక్కడ చేరినవాళ్ళు నెలల తరబడి ఉంటారు. మందుల కన్నా ఓపిక ఎక్కువ ఖర్చయ్యే వార్డు అది. ఆర్డరు చెప్పేదేమిటంటే, ఈ జబ్బు తగ్గుముఖం పట్టేదాకా రాష్ట్రంలోని ఏ ఆసుపత్రిలోకీ చుట్టాలూ పక్కాలూ అడుగు పెట్టకూడదు. ఒక్కటే మినహాయింపు. రోగి రెండు రోజులకు మించి బతకడని డాక్టరు సంతకం పెడితే, ఇంటివాళ్ళలో ఒకరు వచ్చి ఇరవై నిమిషాలు చూసి వెళ్ళవచ్చు. ఆ కాగితం అసలు పేరు బారెడు ఉండేది. వార్డులో అందరూ దాన్ని చివరి చూపు చీటీ అనేవారు.

మొదటి చీటీ వడ్రంగికి రాశారు. అతను పైకప్పు మీంచి జారి తుంటి విరగ్గొట్టుకుని వచ్చాడు. ఎముక అతుక్కుంటూనే ఉంది గాని మనిషి ఊడిపోతున్నాడు. మూడో వారం నుంచి తిండి మానేశాడు. చెంచా నోటి దగ్గరకు తెస్తే పెదవులు తలుపు బిగించినట్టు బిగించేవాడు. అతని భార్య బట్టలు కుట్టే మనిషి. రోజూ పని ముగించుకుని వచ్చి గేటు బయట నిలబడి, రెండో అంతస్తు కిటికీల్లో తన మొగుడిది ఏదో తెలియక అన్నిటికీ చెయ్యి ఊపి వెళ్ళేది.

హెడ్‌నర్సు నాలుగు రోజులు చూసింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ పనిలో ఉన్న మనిషి. తిండి మానేసినవాడు ఎటు పోతాడో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఐదో రోజు ఖాళీ చీటీ ఒకటి తీసుకుని డాక్టరు గదిలోకి వెళ్ళింది.

"డాక్టరు గారూ, వడ్రంగికి సంతకం పెట్టండి."

"పోయేలా ఉన్నాడా?"

"ఇలాగే ఉంటే పోతాడు."

"రెండు రోజుల్లోనా?"

"రెండు రోజులని అతను చెప్పలేదు, నేను అడగలేదు."

డాక్టరు ఆరు నెలల్లో రిటైరవుతాడు. తుమ్మినా దానికో రసీదు ఉండాలనుకునే మనిషి. కలం మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. "బతికితే?" అన్నాడు.

"డాక్టరు చూసిన రోగి బతికితే తప్పు పట్టేవాళ్ళు ఎవరుంటారండీ."

ఆ మాట ఆయనకు కొత్తగా, కొంచెం హాయిగా తోచింది. సంతకం పెట్టాడు.

వడ్రంగి భార్య ఏడుస్తూ వచ్చింది. మొగుణ్ణి చూసి, అతను పోయేలా లేడని గ్రహించి, కళ్ళు తుడుచుకుని తిట్టడం మొదలుపెట్టింది. ఇరవై నిమిషాల్లో పద్దెనిమిది తిట్టడానికే సరిపోయాయి. "వంటింటి తలుపు సగం బిగించి ఆ పైకప్పు ఎక్కావు. గాలికి రోజంతా టపటపా కొట్టుకుంటోంది. ఆ మిగతా సగం ఎవడొచ్చి బిగిస్తాడు? తినకుండా పడుకుంటే తలుపు దానంతట అదే బిగుసుకుంటుందనుకున్నావా?" మిగిలిన రెండు నిమిషాలూ అతని గడ్డం దువ్వింది. ఆ సాయంత్రం వడ్రంగి గిన్నెడు సూప్ తాగి, ఇంకో రొట్టెముక్క ఉందా అని అడిగాడు.

ఇక చూడండి. పక్కమంచం ఆయన అది విన్నాడు, ఎదురుమంచం ఆమె చూసింది. పది రోజుల్లో ఆ వార్డులో చావు దగ్గర పడనివాళ్ళు లేకుండా పోయారు. హెడ్‌నర్సు ఒక వరస పెట్టింది. సోమవారం కిటికీ వైపు మంచాల వాళ్ళు, బుధవారం తలుపు వైపు వాళ్ళు, శుక్రవారం మధ్య వరస వాళ్ళు చావబోతారు. ఒక మనిషి ఎన్నిసార్లు చావబోవచ్చో ఆర్డరులో రాయలేదు కాబట్టి వంతు వచ్చినవాళ్ళందరికీ చీటీ దక్కేది. డాక్టరు మొదట్లో ఒక్కో సంతకానికీ ఒక్కో నిట్టూర్పు విడిచేవాడు. తరవాత నిట్టూర్పులు మానేసి సంతకాలు మాత్రం పెట్టేవాడు.

చీటీ వ్యవహారం వార్డు గుమాస్తా చేతిలో ఉండేది. అతన్ని అందరూ 'మూడు కాపీలు' అనేవారు. పెళ్ళి శుభలేఖ ఇచ్చినా మిగతా రెండు ఏవని అడుగుతాడని ఆ పేరు. ఒక కాపీ గేటుకి, ఒకటి బీరువాలోకి, ఒకటి శనివారం తపాలాలో ఆరోగ్య శాఖకి. చీటీ వెనక పక్క ఒక గడి ఉంది. వారం తరవాత రోగి సంగతి ఏమైందో అందులో రాయాలి. ఆ గడిలో అతను ప్రతిసారీ నిజమే రాసేవాడు. పోతే పోయాడని, కోలుకుంటే కోలుకున్నాడని.

"ఎందుకయ్యా వెనక కూడా రాయడం? ఖాళీగా వదిలేయొచ్చుగా," అంది హెడ్‌నర్సు ఒకసారి.

"ముందు పక్క డాక్టరు గారిది మేడమ్, ఆయన ఇష్టం. వెనక పక్క నాది. రొట్టె నములుతున్నవాణ్ణి చూస్తూ గడి ఖాళీగా ఎలా వదలను?"

పై ఆఫీసుకి వెళ్ళిన కాగితాన్ని ఎవరైనా తిరగేసి చూస్తారన్న ఆలోచన ఆ వార్డులో ఎవరికీ రాలేదు.

ఇంతమందికి చుట్టాలను చూపించిన హెడ్‌నర్సుకి తన చుట్టాన్ని చూసే దారి మాత్రం లేదు. ఆమె అక్క వంతెన అవతలి ఆసుపత్రిలో ఉంది. కుడి పక్క పడిపోయి, మాట పోయి నాలుగు నెలలైంది. అక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పని చేసి ఊరంతా ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చేసిన మనిషి. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది, నర్సు చదువు చదివించింది, తను పెళ్ళి చేసుకోవడం మరిచిపోయింది. ఇప్పుడు ఆమెకు ఫోనెత్తినా లాభం లేదు. మొదట్లో అక్కడి నర్సు ఒకామె తన ఫోను అక్క ముఖం ముందు పట్టుకునేది. అక్క తెరలోకి ఒక క్షణం చూసి కళ్ళు మూసేసేది. "ఇష్టపడటం లేదండీ," అని ఆ నర్సు ఫోను పట్టడం మానేసింది.

హెడ్‌నర్సు రోజూ మధ్యాహ్నం అక్కడికి ఫోను చేసేది. రోజూ ఒకటే జవాబు.

"నిలకడగా ఉన్నారండీ."

"తింటోందా?"

"గొట్టం వేశాం. నిలకడగా ఉన్నారు."

"గొట్టం వేశారంటే తినడం లేదనేగా. అమ్మాయ్, నేనూ నర్సునే. మీ డాక్టరు గారితో ఒక చీటీ..."

"రెండు రోజుల్లో పోయేవాళ్ళకే అండీ చీటీ. ఆమెకు అలాంటి ఇబ్బందేమీ లేదు. మేం లేనిది రాయం."

హెడ్‌నర్సుకి కోపం వచ్చేది గాని, ఆ పిల్ల మీద కోపం తెచ్చుకునే ముఖం తనకి ఎక్కడుంది? వంతెన ఇవతల అబద్ధం ఆడి మనుషుల్ని నిలబెడుతున్నారు. వంతెన అవతల నిజం చెప్పి అక్కను పడుకోబెట్టారు. అక్కను చూడాలంటే అక్క చావుకు దగ్గర పడాలి. బాగుండాలని కోరుకుంటే ఎప్పటికీ కనపడదు. రోజూ ఫోను చేసేటప్పుడు ఆ రెంటిలో ఏది వినాలని ఉందో ఆమెకే తెలిసేది కాదు.

ఇలాంటివాళ్ళందరూ కలిసి ఒక సంఘం పెట్టారు. రోగుల బంధువుల సంఘం. దాని పెద్ద, బస్సు కండక్టరుగా చేసి రిటైరైన ఆమె. కండక్టరమ్మ అనేవారు. ఆమె అత్తగారు రెండో అంతస్తులోనే మోకాలు విరిగి పడుకుని ఉంది. శుక్రవారం వరసలో చావబోయేవాళ్ళలో ఆవిడొకరు.

"మా అత్త చావబోతోందని కాగితం తెచ్చుకుని, ఆ కాగితం పట్టుకుని ఆవిణ్ణి చూడ్డానికి పరిగెత్తిన కోడలు దేశంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను చెల్లీ," అనేది హెడ్‌నర్సుతో. "ఇన్నాళ్ళూ ఊరికే అనుకోవడమే గాని, కాగితం ఇచ్చినవాళ్ళు లేరు."

కండక్టరమ్మ ఆరోగ్య శాఖకి పదకొండు అర్జీలు పెట్టింది. ఇంటివాళ్ళను రానివ్వండి, మాస్కు కట్టుకుంటాం, చేతులు కడుక్కుంటాం, కావాలంటే కాళ్ళూ కడుక్కుంటాం అని. పదకొండింటికీ ఒకే జవాబు వచ్చింది. సందర్శకుల వల్ల రోగులకు మేలు జరుగుతుందనడానికి ఆధారాలు లేవు.

అలా ఉండగా ఒక మంగళవారం ఆరోగ్య శాఖ నుంచి డాక్టరుకి ఉత్తరం వచ్చింది. ఆయన దాన్ని చదివి, కుర్చీలో వెనక్కి వాలి, హెడ్‌నర్సునీ గుమాస్తానీ పిలిపించాడు.

ఉత్తరం నిండా పొగడ్తలే. గత నాలుగు నెలల్లో రెండో అంతస్తు వార్డులో రెండు రోజులకు మించి బతకరని ధ్రువీకరించిన రోగులు యాభై ఒక్కమంది అనీ, వారిలో నలభై ఏడుగురు వారం తిరక్కుండా కోలుకున్నారనీ, రాష్ట్రంలో ఇంకే ఆసుపత్రిలోనూ ఇందులో పదో వంతు కూడా జరగలేదనీ రాశారు. ఈ సంగతి పత్రికలకు కూడా తెలియజేశారట. వచ్చే గురువారం ఆరోగ్య శాఖ విధాన సంఘం ముందుకు వచ్చి తమ చికిత్సా పద్ధతిని వివరిస్తే దాన్ని అన్ని ఆసుపత్రుల్లోనూ అమలు చేస్తారట.

"ఇవన్నీ వాళ్ళకి ఎవరు పంపారు?" అన్నాడు డాక్టరు.

"నేనే సార్. ప్రతి శనివారం," అన్నాడు గుమాస్తా.

"చదువుతారని తెలియదా నీకు?"

"ఇరవై రెండేళ్ళుగా పంపుతున్నాను సార్. చదవడం ఇదే మొదటిసారి."

డాక్టరు తల పట్టుకున్నాడు. అబద్ధపు ధ్రువపత్రం రాసిన డాక్టరు పట్టా ఊడుతుంది. రాయించిన హెడ్‌నర్సు ఉద్యోగం ఊడుతుంది. కాసేపటికి ఆయనే తేరుకుని ఒక దారి చెప్పాడు. "పౌష్టికాహారం అందాం. వ్యాయామం అందాం. సమష్టి కృషి అందాం. ఇలాంటి మాటలు ఒక పావుగంట మాట్లాడితే ఎవరూ ఏమీ అడగరు. శాలువా కప్పి పంపించేస్తారు."

"మరి మిగతా ఆసుపత్రుల్లో?" అంది హెడ్‌నర్సు.

"మిగతా ఆసుపత్రుల్లో వ్యాయామం చేస్తారు."

ఆ సాయంత్రం గేటు దగ్గర ఆమె కండక్టరమ్మకి ఉత్తరం సంగతి చెప్పింది. గురువారం అదే విధాన సంఘం ముందు కండక్టరమ్మ పన్నెండో అర్జీ కూడా ఉంది.

"ఆధారం లేదు, ఆధారం లేదు అని పదకొండుసార్లు మొత్తుకున్నారు," అంది కండక్టరమ్మ. "ఆధారం మీ బీరువాలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. యాభై ఒక్కమంది కాగితాలు."

"అది బయట పెడితే డాక్టరు గారికీ నాకూ కూడు ఉండదు అక్కా."

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే ఇక్కడ ఇలాగే జరిగిపోతుంది. మీ అత్తగారు శుక్రవారం శుక్రవారం చావబోతూ ఉంటారు. నువ్వు వస్తూ ఉంటావు."

"మీ అక్క?"

హెడ్‌నర్సు చేతి సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"నేను టిక్కెట్టు లేనివాణ్ణి ఎప్పుడూ దింపెయ్యలేదు," అంది కండక్టరమ్మ. "కానీ టిక్కెట్టు ఉన్నవాడు ఫుట్‌బోర్డు మీద వేలాడుతుంటే, లోపల కాళ్ళు చాపుకున్నవాణ్ణి జరగమని మాత్రం చెప్పేదాన్ని. నీ మీద ఒత్తిడేమీ లేదు చెల్లీ. నా అర్జీ నేను చదువుకుంటాను."

గురువారం విధాన సంఘం గదిలో బల్ల చుట్టూ తొమ్మిదిమంది, ఒక్కొక్కరి మధ్యా ఒక ప్లాస్టిక్ అద్దం. అందరి మాటా బావిలోంచి వచ్చినట్టు వచ్చేది. ఆరోగ్య శాఖ డైరెక్టరు వెనక గోడ మీద పెద్ద తెర. దాని మీద ఒక పచ్చ గీత కొండ ఎక్కినట్టు పైకి పోతోంది. గీత కొనన రెండో అంతస్తు పేరు. డాక్టరు ఆ తెరను చూసి, ఉరితాడు ఇంత అందంగా కూడా ఉంటుందా అన్నట్టు ఒక నవ్వు నవ్వాడు.

ఆయన పౌష్టికాహారంతో మొదలుపెట్టాడు. వ్యాయామం దాకా బాగానే వచ్చాడు. సమష్టి కృషి దగ్గర డైరెక్టరు చెయ్యెత్తాడు.

"అవి అన్ని చోట్లా ఉన్నాయి డాక్టరు గారూ. మీ దగ్గర ప్రత్యేకంగా ఏదో ఇస్తున్నారు. మందు పేరు చెప్పండి, మోతాదు చెప్పండి. మేం రాసుకుంటాం."

తొమ్మిది కలాలు సిద్ధమయ్యాయి. డాక్టరు నీళ్ళు తాగాడు. గ్లాసు దించి మళ్ళీ నింపుకున్నాడు.

హెడ్‌నర్సు అంతదాకా ఏమీ తేల్చుకోలేదు. ఆ రోజు మధ్యాహ్నం వరండాలోంచి వంతెన అవతలికి ఫోను చేసింది. నిలకడగా ఉన్నారండీ అన్నారు. ఇప్పుడు ఆ కలాలు ఎదురుచూడటం చూసి, ఇంతమంది ఒకేసారి రాసుకోవడానికి మళ్ళీ ఎప్పుడు దొరుకుతారని లేచి నిలబడింది.

"మందేమీ లేదండీ," అంది. "వాళ్ళలో రెండు రోజుల్లో పోయేవాళ్ళు నలుగురే. ఆ నలుగురూ పోయారు. మిగతావాళ్ళు తిండి మానేసి, కదలడం మానేసి పడి ఉన్నవాళ్ళు. వాళ్ళకి ఇంటివాళ్ళను చూపించాలంటే చావబోతున్నారని రాయడం తప్ప మీరు దారి పెట్టలేదు. రాయించాను. వడ్రంగికి పెళ్ళాం వచ్చి తిట్టింది. అతను సూప్ తాగాడు. ఒకామెకి తమ్ముడొచ్చి పక్కన కూర్చుని పత్రిక చదువుకున్నాడు, ఏమీ మాట్లాడలేదు. ఆమె మర్నాడు లేచి కూర్చుంది. అంతే. సంతకం డాక్టరు గారిది గాని బలవంతం నాది."

డైరెక్టరు పక్కనే ఉన్న చట్టం తెలిసిన సభ్యుడు గొంతు సవరించుకున్నాడు. "అయితే ఇవి తప్పుడు ధ్రువపత్రాలు."

"తప్పుడు అనకండి," అన్నాడు డైరెక్టరు వెంటనే. "పత్రికలకు ఇచ్చేశాం."

"అవి తప్పుడివి కావంటే, సందర్శకుల వల్ల మేలు జరుగుతుందని ఒప్పుకోవాలి. పదకొండుసార్లు లేదని రాశాం."

"అది కూడా కుదరదు."

ఇద్దరూ వెనక్కి తిరిగి పచ్చ గీత వైపు చూశారు. అది ఏ సాయమూ చెయ్యకుండా వెలుగుతూనే ఉంది. కండక్టరమ్మ తన అర్జీ మడత పెట్టేసింది.

"బాబూ, మీరు ఈవిణ్ణి మందు అడిగారు. ఈవిడ మందు చూపించింది. ఇంకా సందర్శకులు, సందర్శకులు అంటారేం? సందర్శకులైతే గేటు దగ్గర ఆపుతారు. మందు సీసాని ఎవరాపుతారు? మా అందరి మెడలో ఒక చీటీ కట్టి సీసాలనుకోండి, గొడవ వదిలిపోతుంది."

ఆమె వెటకారంగానే అంది. కానీ డైరెక్టరు కలం ఎత్తాడు. "ఆ మాట మళ్ళీ చెప్పండి," అన్నాడు.

పన్నెండు రోజుల తరవాత కొత్త ఆర్డరు వచ్చి పాతదాని మీద అతుక్కుంది. సందర్శకుల మీద నిషేధం యథాతథంగా కొనసాగుతుంది. అయితే అర్హులైన రోగులకు డాక్టరు సలహా మేరకు బంధు చికిత్స ఇవ్వవచ్చు. ఒక పూటకు ఒక బంధువు. ఇరవై నిమిషాలు. భోజనానికి ముందు అయితే మేలు. రెండు రకాల బంధువులను కలిపి వాడరాదు. వాడే ముందు బంధువును చల్లని, గాలి తగిలే చోట ఉంచాలి. అంటే వరండాలో బల్ల మీద. ప్రతి బంధువు ఛాతీ మీద పేరు, మోతాదు రాసిన చీటీ అంటించాలి.

ఎవరి పట్టా ఊడలేదు, ఎవరి ఉద్యోగమూ పోలేదు. హెడ్‌నర్సును శిక్షిస్తే ధ్రువపత్రాలు అబద్ధమని ఒప్పుకున్నట్టవుతుంది. డాక్టరును మోతాదు నిర్ణయ సంఘానికి అధ్యక్షుణ్ణి చేసి, రిటైర్మెంటు ఏడాది వెనక్కి జరిపారు. ఆయనకు అది గౌరవమో శిక్షో తేలక, ఎవరైనా అభినందిస్తే "ఏం చేస్తాం" అనేవాడు.

"నేను మా అత్తకి మందునట," అంది కండక్టరమ్మ ఛాతీ మీది చీటీని తడుముకుంటూ. "నలభై ఏళ్ళుగా ఆవిడ నన్ను విషమనే అంటోంది. సర్కారు ఎంత తప్పు పట్టింది చూడు ఆవిణ్ణి."

ఆ సంబరంలో ఏడో నిబంధనను ఎవరూ సరిగ్గా చదవలేదు. రోగిలో గుణం కనిపించిన వెంటనే బంధు చికిత్స ఆపివేయాలి; తగ్గినవారికి మందు వాడటం దుబారా అని అందులో ఉంది. మొదటి వారంలోనే వడ్రంగి ఊతకర్రలతో మూడు అడుగులు వేశాడు. మర్నాడు అతని భార్యను గేటు దగ్గర ఆపేశారు. 'మూడు కాపీలు' రోజూ నింపే చికిత్స పత్రం చూపించాడు, గుణం ఉంది అని రాసి ఉంది. "నడిచిన మనిషిని నడవలేదని ఎలా రాయను?" అన్నాడు. వడ్రంగి ఊతకర్రల్ని మంచం కిందకు తన్ని, మళ్ళీ నోరు బిగించాడు. ఈసారి నేర్పుగా బిగించాడని నర్సులు చెప్పుకున్నారు.

హెడ్‌నర్సు మొదటి రోజే వంతెన దాటింది. గేటు దగ్గర కాపలావాడు ఆమె చేతిలో కాగితం చూసి, "మందేదీ?" అన్నాడు.

"నేనే నాయనా."

అతను పైనుంచి కిందికి చూసి, ఛాతీ మీద చీటీ అంటించి, వరండా బల్ల చూపించాడు. ఫోనులో 'మేం లేనిది రాయం' అన్న పిల్లే వచ్చి ఆమెను లోపలికి తీసుకెళ్ళింది. ముఖం చూస్తే ఇరవై ఐదేళ్ళు ఉండవు. "ఉన్నది ఉన్నట్టే రాస్తానండీ, ఏమీ అనుకోకండి," అంది ముందుగానే.

అక్క సగమైపోయింది. జుట్టు ఎవరో పొట్టిగా కత్తిరించారు. చెల్లెల్ని చూసింది. చాలాసేపు, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో తప్పు నంబరు అడిగినవాడి గొంతు వింటున్నట్టు చూసింది. తరవాత ముఖం గోడవైపు తిప్పేసుకుంది.

హెడ్‌నర్సు ఇరవై నిమిషాలూ మాట్లాడింది. ఆర్డరు సంగతి చెప్పింది, రానివ్వలేదని చెప్పింది, రోజూ ఫోను చేశానని చెప్పింది. అక్క గోడను చూస్తూనే ఉంది. నాలుగు నెలల కోపం ఆర్డరు కాపీలు చూపిస్తే పోయేది కాదు. బయటకు వచ్చేటప్పటికి ఆ పిల్ల పత్రంలో టిక్కు పెట్టేసింది. గుణం లేదు. చికిత్స కొనసాగించవలెను.

రెండో రోజూ గోడే. మూడో రోజూ గోడే. నాలుగో రోజు మోతాదు పెంచి, రోజుకు రెండు పూటలు చేశారు. హెడ్‌నర్సు తన డ్యూటీకి ముందొకసారి, తరవాతొకసారి వంతెన దాటేది. మాట్లాడటానికి మాటలు అయిపోయాయి. ఐదో రోజు ఊరికే కూర్చుని అక్క గోళ్ళు కత్తిరించింది. పడిపోయిన చేతివి, తరవాత బాగున్న చేతివి. అక్క చెయ్యి లాక్కోలేదు.

ఆరో రోజు ఉదయం కుర్చీ లాక్కుని కూర్చోగానే దుప్పటి కింద ఏదో కదిలింది. అక్క ఎడమ చెయ్యి పాకుతూ వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టే, ఎముక నొప్పెట్టేలా పట్టుకుంది. ముఖం ఇటు తిరిగింది. కళ్ళలో నీళ్ళున్నాయి, కోపం కూడా ఉంది. పెదవులు కూడబలుక్కుంటున్నాయి. గొంతులోంచి గరగరమని ఒక శబ్దం బయలుదేరింది.

ముప్ఫై ఏళ్ళ అనుభవంలో ఇంత స్పష్టమైన గుణాన్ని హెడ్‌నర్సు చాలా తక్కువసార్లు చూసింది. సరిగ్గా అప్పుడే నడవాలో ఆ పిల్ల చెప్పుల చప్పుడు, పలక మీద పత్రం టపటపలాడిన చప్పుడు వినిపించాయి.

ఆమె అక్క చెవి దగ్గరకు వంగింది.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను. నువ్వు బాగుపడితే రేపటి నుంచి నన్ను రానివ్వరు. కాసేపు గోడవైపు తిరుగు."

అక్క ఆమెను చూసింది. జన్మలో ఎవరు చెప్పిన మాటా వినని మనిషి. ఆ చూపులో ఏదో మెరిసి, పెదవి ఒక పక్క, ఆడే పక్క, కాస్త పైకి లేచింది. తరవాత ఎంతో విసుగ్గా, అచ్చం మొదటి రోజు తిప్పుకున్నట్టే ముఖం గోడకు తిప్పేసుకుంది. దుప్పటి కింద చెయ్యి మాత్రం వదల్లేదు.

పిల్ల వచ్చి మంచం పక్కన నిలబడింది. కలం తీసింది.

"ఇవాళ కూడా అంతేనా అండీ?"

"అంతేనమ్మా," అంది హెడ్‌నర్సు.

"పాపం. ఇన్ని పూటలు వాడినా పని చెయ్యలేదు." ఆ పిల్లకు నిజంగానే బాధ కలిగింది. "మూడు పూటలు చేయమని డాక్టరు గారితో చెప్పనా?"

దుప్పటి కింద వేళ్ళు మణికట్టును ఇంకాస్త బిగించాయి.

"చెప్పమ్మా," అంది హెడ్‌నర్సు. "పాతబడ్డ జబ్బు. చాలాకాలం వాడాల్సి వస్తుంది."